పైన పట్టా ఉంది

ఇంటిపన్ను పెరిగిందని గొణిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మీ ఇంటి విలువ మీ చుట్టాలు గుర్తించారా? పోనీ, వియ్యంకుడు గుర్తించాడా? మున్సిపాలిటీ గుర్తించింది! గోడ పెచ్చులూడినా, ముందు మోరీ పొంగినా మీ ఇంటి హోదా ఏటేటా పెంచే పుణ్యాత్ములు వాళ్లొక్కరే.

నమ్మకపోతే విశ్రాంతమ్మ సంగతి వినండి. టౌన్ దవాఖానాలో ఆయా. భర్త పోయాక ఆమెకు మిగిలింది రెండు గదుల పెంకుటిల్లు. కోతులు పెంకులు పగలగొడితే, బాగుచేయించే స్తోమత లేక, మిర్చి కల్లాల్లో కప్పే నీలం పట్టా ఒకటి తెచ్చి పైన కప్పించింది.

ఎండాకాలంలో ఇళ్ల సర్వే ఆయన వచ్చాడు. బండి దిగలేదు, హెల్మెట్ తీయలేదు.

"పైన ఏముందమ్మా?"

"పట్టా ఉంది సార్," అంది విశ్రాంతమ్మ.

ఆయన ట్యాబ్‌లో 'పై అంతస్తు, పట్టా ఉంది' అని కొట్టుకుని పోయాడు. చూశారా ఆ వేగం! అవతల చర్ల వైపు పోడు చేసుకునేవాళ్లు భూమికి పట్టా, పట్టా అని చెప్పులరిగేలా తిరుగుతున్నారు. ఈమెకు అడక్కుండానే ఆకాశంలో వచ్చిపడింది. ఇంతకన్నా సుపరిపాలన ఉంటుందా?

రెండంతస్తులకు పన్ను నోటీసు వచ్చింది. అది సరే, పెంకులు మార్చుకోవడానికి సర్కారు సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తు కూడా తిరిగొచ్చింది. మేడ ఉన్నావిడకు సాయమెందుకు? న్యాయమే కదా! విశ్రాంతమ్మకు మాత్రం ఏడుపొచ్చింది. వానలు ముందున్నాయి, ఆ సాయం తప్ప ఆమెకు వేరే దారి లేదు.

ఆఫీసుకు పోయి కౌంటర్‌లో ఉన్న పద్మప్రియ మేడంను బతిమాలింది.

"మెట్లే లేని ఇల్లు మేడం. పైకి ఎట్ల ఎక్కుతం?"

"మెట్లకు మా దాంట్ల కాలమ్ లేదమ్మా. ఇన్‌స్పెక్టర్ సార్ వచ్చి చూసి ఒక్క అంతస్తే అని రాస్తే అన్నీ సరైతయ్. అందాక ఆ పట్టా తీసిపెట్టు. లేకుంటే మళ్ల గట్లనే రాస్తరు."

"సార్ ఎన్నడొస్తడు?"

"వస్తడు."

పట్టా తీసి మడతపెట్టింది. మర్నాడే ముసురు పట్టింది. వండుకునే గిన్నెలన్నీ నీళ్లు పట్టుకోవడానికే సరిపోయాయి. రెండంతస్తుల యజమానురాలు తలుపు వారన కూర్చుని నాలుగు రోజులు కునికిపాట్లు పడింది.

అయిదోనాడు ఇన్‌స్పెక్టర్ వానలోనే వచ్చాడు. లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి చుక్క ఫైలు మీద పడింది, రెండోది ఆయన బట్టతల మీద.

"ఏందమ్మా గిట్ల కారుతున్నది? పైన ఏదన్నా కప్పుకోరాదు?"

"కప్పుకుంటే మేడయితది సార్," అంది విశ్రాంతమ్మ. "మీరు కూసోండ్రి. ఈ ముసురు జల్దీ తగ్గదు."