మూడు మానిటర్ల విమానం

ఆ ఆదివారం విద్యాసాగర్ పెట్టుకున్న పని చిన్నదే. తొమ్మిదింటికి మూడు మానిటర్లు టేబుల్ మీద పెట్టడం, పదకొండింటికల్లా వైర్లు కలపడం, ఒంటిగంటకు బేగంపేటలో విమానం దించడం, ఆ తర్వాత భోజనం.

బేగంపేట విమానాశ్రయం సరుకుల విభాగంలో ఆయన ముప్పై ఏళ్లు పనిచేశాడు. పెట్టెలు తూచేవాడు, చీటీలు అంటించేవాడు, లోపలికి పంపేవాడు. విమానం కడుపు ఆయనకు తెలుసు. ముక్కు తెలియదు. విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయాయి, ఆయన రిటైరయ్యాడు. 2013 జనవరిలో కంప్యూటర్ మీద విమానం నడిపే ఆట ఒకటి, దానికో స్టీరింగు కొని, చిక్కడపల్లిలోని తన ఫ్లాటులో వీధివైపు గదిలో కూర్చున్నాడు. జూలై వచ్చేసరికి నలభై ఒక్కసార్లు బేగంపేటలో దిగబోయాడు. నలభై ఒక్కసార్లూ విమానం రన్‌వే దాటిపోయి కూలింది. ఎక్కువసార్లు రసూల్‌పురాలో, ఒకసారి హుస్సేన్‌సాగర్‌లో.

"ఒక్క తెర మీద పక్కలు కనబడవు ప్రభా," అన్నాడు భార్యతో. "పక్కలు కనబడకుంటె దూరం తెల్వది. మూడు తెరలు గావాలె."

ప్రభావతి బియ్యం ఏరుతోంది. "తెచ్చుకోండ్రి. కని ఆదివారం నాలుగింటికి ఒక పిల్ల గది చూడనీకి వస్తది. గ్రూప్-టూ చదువుతున్నదంట. అశోక్‌నగర్‌ల ఎక్కడా గదులు దొరుకుతలేవంట."

"ఏ గది?"

"మీ ఇమానం గది. నాలుగింటిలోపట అది దిగితె ఆ పిల్లకు గది లేదని చెప్త. దిగకుంటె తెరలు సజ్జ మీదికి, గది కిరాయికి."

ఇందులో అన్యాయం ఎక్కడుందో విద్యాసాగర్ వెతికాడు. దొరకలేదు. అందుకే భయం వేసింది.

నల్లకుంటలో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి మూసేస్తుంటే మానిటర్లు అక్కడ కొన్నాడు. ఆదివారం పొద్దున ఆటోలో దిగాయి. లిఫ్టు చెడిపోయి ఉంది. మూడో అంతస్తుకు మోయడానికి వాచ్‌మన్ తిమ్మప్ప వచ్చాడు. మోస్తూ ఇవెందుకని అడిగితే విద్యాసాగర్ వివరంగా చెప్పాడు. రెండో మానిటర్ కోసం కిందికి దిగిన తిమ్మప్పను రామచంద్రం ఆపాడు. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు. అప్పుడు కారు తుడుచుకుంటున్నాడు.

"ఏంది తిమ్మప్పా, ఒక్కింటికి మూడు టీవీలా?"

"టీవీలు గావంట సారూ. మూడో ఫ్లోరు సారు కుర్సీల కూసుంటె సాలంట. ముంగట, ఎడమ దిక్కు, కుడి దిక్కు అంత అవుపడ్తదంట. బటన్ నొక్కితె ఎనక గూడ అవుపడ్తదంట."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. కానీ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మందుల షాపువాళ్లూ మిఠాయి షాపువాళ్లూ ఆ ఏడాదే కెమెరాలు పెట్టారు. కౌంటరు పక్కన తెర పెట్టుకుని కూర్చున్నచోటి నుంచే వీధంతా చూస్తున్నారు. రామచంద్రం తుడిచే బట్ట బానెట్ మీదే వదిలేసి పైకి చూశాడు. గేటు మీద, గోడ మీద, కరెంటు స్తంభం మీద వెతికాడు. ఒక్క కెమెరా కూడా కనబడలేదు. కనబడకుండా పెట్టారంటే మంచి రకమే అయి ఉంటుందనుకున్నాడు.

పదకొండింటికి తలుపు కొట్టాడు.

"విద్యాసాగర్ గారూ, ఉన్నరా?"

"టేబుల్ కింద ఉన్న. రాండ్రి."

కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. పైన మూడు తెరలూ నీలంగా వెలుగుతున్నాయి.

"ఇంక మొదలు గాలేదా?"

"సగం అయింది. ఎడమ దిక్కుది కుడి దాంట్ల వస్తున్నది. వైర్లు మారుస్తున్న."

రామచంద్రం కారు నిలిపేది గేటుకు ఎడమవైపే. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తాగే మంజీర నీళ్లతోని కార్లు కడగొద్దని నోటీసు పెట్టింది నేనే. నేనే కడుగుతున్న. పొద్దున అయిదింటికి ఎవ్వరు లేవరని. రెండేండ్లయింది."

కాళ్లు కదలడం ఆగింది. "నాకెందుకు చెప్తున్నరు?"

"మీరు చూసేదానికంటె ముందు చెప్పుకుంటె మర్యాద గద."

విద్యాసాగర్ బయటికి పాక్కుంటూ వచ్చాడు. "నేనేం చూస్తనండి? ఇది ఇమానం నడిపే ఆట."

రామచంద్రం మేనేజరుగా చాలామంది రహస్యాలు దాచినవాడు. మెల్లగా తల ఊపాడు. "అర్థమైంది. ఎవరడిగినా నేను గూడ ఇమానమనే చెప్త."

అవి కెమెరాల తెరలు కావు, విమానమేనని ఆయన దారిలో కలిసిన ప్రతివాళ్లకీ, ఎవరూ అడగకముందే చెప్పాడు. పన్నెండున్నరకు రెండో అంతస్తు కుసుమ గిన్నెలో సర్వపిండి పట్టుకుని వచ్చింది. అప్పటికి వైర్లు సరయ్యాయి. మూడు తెరల మీదా కలిపి హైదరాబాద్ ఇళ్ల కప్పులు కనబడుతున్నాయి.

"పైనించి గూడ తీస్తున్నరా అన్నా?" అంది కుసుమ, గుమ్మంలోనే ఆగి.

"మూడువేల అడుగుల నుంచి."

ఆమె గిన్నె టేబుల్ మీద పెట్టింది. "పక్క ఖాళీ ప్లాటులకు చెత్త కవర్లు ఇసిరేది నేనే. కింది ఫ్లాటోల్లు ఇసురుతున్నరని అందరికి చెప్పిన. రేపటిసంది బండి వచ్చినప్పుడే ఇస్త. మా అత్తమ్మకు మాత్రం చూపియ్యకుండ్రి."

"ఏం చూపియ్యాలమ్మా? ఇది ఇమానం."

"రామచంద్రంగారు చెప్పిన్రు ఇట్లనే అంటరని."

సర్వపిండి బాగుంది. ల్యాండింగ్ బాగాలేదు. నలభై రెండోసారి విమానం రసూల్‌పురాలో కూలింది. ఈసారి పక్కలన్నీ స్పష్టంగా కనబడ్డాయి. రెండున్నరకు నలభై మూడోసారి కూలింది. తప్పు తెరలది కాదని విద్యాసాగర్‌కు అర్థమైంది. గదిని ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. కంచంలో అన్నం చల్లారిపోయి ఉంది.

అప్పుడే మొదటి అంతస్తు రాజీవ్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రాగానే వేరేవాళ్లలా కబుర్లు చెప్పలేదు.

"అంకుల్, రికార్డింగ్ ఎన్నిరోజులది ఉంటది?"

పనికొచ్చే ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. విద్యాసాగర్‌కు ప్రాణం లేచొచ్చింది. "జనవరి నుంచి అన్ని దాచిపెట్టిన. ఒక్కొక్కటి మళ్లీ వేసి చూస్త, ఎక్కడ గుద్దిందో."

"గుద్దింది కనబడ్తదా?"

"ఏ దిక్కు నుంచి గావాలంటె ఆ దిక్కు నుంచి."

రాజీవ్ గోడకు ఆనుకున్నాడు. "మార్చిల గేటు స్తంభం పగిలింది గద అంకుల్. రివర్స్ తీస్తుంటె నా కారే తాకింది. తిమ్మప్ప పండుకున్నడు, ఎవరో లారీవాడు కొట్టిపోయిండు అని మీటింగ్‌ల చెప్పింది నేనే."

ఆ మీటింగులో తిమ్మప్పను అందరూ నిలబెట్టి తిట్టారు. పది రోజుల్లో పని మానేసి సొంతూరు పాలమూరు పోవాలన్నంత వరకూ వచ్చింది. ఆ రోజు విద్యాసాగర్ కూడా ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు స్టీరింగు మీంచి చేతులు తీశాడు. వెనక విమానం దానంతట అది ఎటో వెళ్తోంది.

"నాకు గాదు ఈ మాట చెప్పేది. పో, పోయి తిమ్మప్పకు చెప్పు. అందరు ఇనేటట్టు చెప్పు."

విద్యాసాగర్ కిటికీ దగ్గర నిలబడి చూశాడు. గేటు దగ్గర రాజీవ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుసుమ, రామచంద్రం కూడా ఉన్నారు. తిమ్మప్ప అంతా విని, స్టూలు మీంచి లేవకుండానే ఏదో అన్నాడు. ముగ్గురూ తలూపారు.

మూడున్నరకు ప్రభావతి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పుండ్రి. నాకు ఇమానం అన్నరు. బిల్డింగంత కెమెరాలంటున్నది. మన తలుపు కాడ గూడ ఉన్నదా?"

"నీకు ఎన్నడన్న అబద్ధం చెప్పిన్నా?"

"చెప్పరు. చెప్పకుండ ఊకుంటరు, అది వేరే." ఆమె మంచం అంచున కూర్చుంది. "ఎట్లయిన చూసే ఉంటరు. గది అడగనీకి మన తలుపు కాడికి ఏ పిల్ల రాలేదు. నాలుగింటికి గూడ ఎవ్వరు రారు."

"మరి గ్రూప్-టూ?"

"గ్రూప్-టూ లేదు, గ్రూప్-వన్ లేదు. పొద్దుందాక ఈ గదిల ఉంటరు. బువ్వకు పిలిస్తె రన్‌వే మీదున్న అంటరు. రిటైరైతె మనిషి ఇంట్ల ఉంటడనుకున్న."

కెమెరాలు లేవని మళ్లీ చెబుదామనుకున్నాడు విద్యాసాగర్. పొద్దుటి నుంచి చెబుతున్నాడు, ఎవరూ వినలేదు. లేచి వంటింట్లోంచి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాడు.

"ఇమానంల రెండు కుర్సీలుంటయి. కూసో."

ఆమె కూర్చుంది. ఆయన విమానం ఎత్తాడు. నగరం మీద ఒక చుట్టు తిప్పి బేగంపేట వైపు మళ్లించాడు. మధ్య తెరలో రన్‌వే గీతలా కనబడి, వెడల్పవుతూ వస్తోంది. ప్రభావతి ఎడమచేత్తో కుర్చీ గట్టిగా పట్టుకుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగేటప్పుడు స్కూటర్ మీద ఆమె అలాగే పట్టుకుంటుంది.

"జర మెల్లగ," అంది.

"ఇది స్కూటర్ గాదు."

"స్కూటరైతె దిగిపోయేదాన్ని. గంత జోరెందుకు? మెల్లగ పోనియ్యుండ్రి."

విద్యాసాగర్ అప్పుడు వేగం చూపే ముల్లు చూశాడు. ఉండాల్సినదానికంటే ముప్పై ఎక్కువ ఉంది. నలభై మూడుసార్లు ముందు చూశాడు, పక్కలు చూశాడు, ముల్లు చూడలేదు. ఇంజను తగ్గించాడు. ముల్లు దిగింది. కుడి తెరలో టవరు, ఎడమ తెరలో ఆయన ముప్పై ఏళ్లు పనిచేసిన సరుకుల విభాగం దాటిపోయాయి. చక్రాలు నేలను తాకి ఒకసారి ఎగిరాయి, మళ్లీ తాకాయి. విమానం ఆగింది. ముందు ఇంకా సగం రన్‌వే మిగిలే ఉంది. టైము మూడూ యాభై రెండు.

విద్యాసాగర్ ఇంజను ఆపాడు.

"ఇంకోసారి ఎత్తుండ్రి," అంది ప్రభావతి. "గీసారి ఆ స్టీరింగు నాకియ్యుండ్రి."

మరుసటి ఆదివారం సంఘం సమావేశంలో విద్యాసాగర్ లేచి, తన గదిలో ఉన్నది విమానమేనని, కావాలంటే వచ్చి నడిపి చూడొచ్చని చెప్పాడు. ప్రభావతి సాక్ష్యం చెప్పింది, అప్పటికి తాను మూడుసార్లు దించిన సంగతి కూడా. ఈసారి అందరూ నమ్మారు. తలుపు దగ్గర నిలబడ్డ తిమ్మప్ప, అట్లయితే గేటు కాడ నిజం కెమెరాలే పెట్టియ్యమన్నాడు.

ఖర్చు ఎంతవుతుందో కనుక్కోకుండానే, ఖర్చు చాలా ఎక్కువని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.