ప్రింటరు రావలసిన బెజ్జం

సర్కారు యంత్రానికి ముఖం ఎంత ముఖ్యమో, వెనక ఉన్న బెజ్జమూ అంతే ముఖ్యం. ఈ సంగతి తెలియని దేశం బాగుపడదు. (తెలిసిన దేశం సంగతి కింద చూడండి.)

1988లో ఉరవకొండ పక్కన మా ఊరి సర్కారు ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. ఎందుకొచ్చిందో కాగితంలో రాయలేదు. దానికొక గది, గదికొక ఏసీ, ఏసీలో కూర్చోడానికి నారాయణప్ప అనే అధికారి ఏర్పాటయ్యారు. చెప్పులు బయట విడవాలి. ఆయుధపూజకు కుంకుమ పెట్టి, పైన ధర్మవరం పట్టుగుడ్డ కప్పారు. గుడ్డ తీయాలంటే అర్జీ పెట్టుకోవాలి.

ఆ ఆవరణలోనే ఊరి నీళ్ల తొట్టి, మూడు వీధులకు మూడు చిన్న మోటార్లు. స్విచ్చులు నీళ్లు వదిలే ఉద్యోగి బసప్ప చేతిలో. బసప్ప ఇల్లు మొదటి వీధిలో. కాబట్టి మొదటి వీధికి నీళ్లు వస్తాయి, రెండోదానికి వచ్చినట్టుంటాయి, మూడోదానికి బసప్పకు గుర్తొస్తే వస్తాయి. మూడో వీధి ఓబమ్మ అరవై ఏళ్ల వయసులో రెండు మైళ్ల అవతలి బావి నుంచి బిందె మోస్తుంది. (బసప్పకు మతిమరుపు.)

రేడియోలు బాగుచేసే ఎర్రిస్వామికి ఇది చూసి ఒళ్లు మండింది. ఏడో తరగతి తప్పినవాడు. ప్రింటరు తగిలించే బెజ్జంలో ఎనిమిది తీగలకు విడివిడిగా కరెంటు వదలొచ్చని ఏదో పాత పత్రికలో చదివాడు. ఆ కరెంటు చీమంత, మోటారు తిరగదు. అందుకని పాత రేడియోల ట్రాన్సిస్టర్లు, చెడిపోయిన స్టెబిలైజర్ల రిలేలు కలిపి, చీమ కుడితే ఏనుగు లేచేట్టు ఒక పెట్టె చేశాడు. నారాయణప్ప సెలవులో ఉండగా, చెప్పులు విడిచే లోపలికి పోయి తగిలించాడు. వీధికి అరగంట చొప్పున మోటార్లు వేయమని కంప్యూటరుకు నేర్పాడు. మూడు తీగలే వాడి, మిగతా ఐదూ పుట్టబోయే వీధులకు వదిలాడు.

మూడు రోజులు మా మూడో వీధికి నీళ్లు వచ్చాయి. ఓబమ్మ గుమ్మం ముందే బిందె నింపుకుంటూ అడిగింది.

"ఏమప్పా ఎర్రిసామీ, నీ పెట్టెకు ఊర్లో చుట్టాలెవురూ లేరా?"

"లేరు పెద్దమ్మా."

"అట్లయితే దాన్ని ఉండనీరులే."

నాలుగో రోజు నారాయణప్ప వచ్చి విచారణ జరిపారు. బెజ్జం ప్రింటరుకు మంజూరైనది. ప్రింటరు రాలేదు. వచ్చేదాకా బెజ్జం ఖాళీగా ఉండాలి; ఉన్నట్టు వారం వారం సంతకం పెట్టాలి.

"సార్, బెజ్జం ఊరికే ఉండాది, తొట్లో నీళ్లూ ఊరికే ఉండాయి. కలిపితే తప్పేముండాది?" అన్నాడు ఎర్రిస్వామి.

నారాయణప్పకు కోపం రాలేదు. "రేపు ప్రింటరొస్తే యాడ కూచోవల్లప్పా?" అన్నారు.

పెట్టెను జప్తు చేశారు. మూడో వీధి తాగినవి అనుమతి లేని నీళ్లని నోటీసు అంటించారు. (తిరిగి ఇవ్వనక్కర్లేదని దయతలిచారు.) మేము ఖాళీ బిందెలతో ఆ గది ముందు బైఠాయించాం. చెప్పులతో కూర్చున్నామని లేపేశారు.

ఎనిమిది నెలలకు ప్రింటరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, బెజ్జంలో తగిలించారు. బసప్ప చెప్పగా నారాయణప్ప కొట్టిన మొదటి కాగితాన్ని గోడకు అంటించారు: "మూడు వీధులకూ నీళ్లు సమానంగా అందుచున్నవి."

బావి నుంచి వస్తూ ఓబమ్మ చంకన బిందెతోనే ఆగి, నాచేత దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"మా ఇంటికి గూడా వచ్చినాయంట కదప్పా," అంది. "చెప్పులిడిసి తాగల్లేమో."