గౌళి పలికితేనే సంతకం

ఆ శనివారానికి దామోదరసామి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి కోవిల్‌పట్టిలో బయలుదేరాలి. ఏడున్నరకల్లా విరుదునగర్ కల్యాణమంటపం చేరాలి. పదకొండింటికి వేదిక మీద సంతకాలు పెట్టించాలి. మధ్యాహ్నం అందరికీ అన్నం పెట్టి పంపాలి. నాలుగు పనులనూ నాలుగు పసుపు చీటీల మీద రాసి అద్దానికి అంటించుకుని పడుకున్నాడు. పొద్దున లేచి చూసుకుంటే ముఖం సగమే కనబడింది గానీ, పథకం మాత్రం నిండుగా కనబడింది.

చీటీలు అంటించడమే అతని వృత్తి. దాన్ని ఎజైల్ పద్ధతి అంటారు. పెద్ద పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో చీటీ మీద రాసి, రెండేసి వారాలకు కొన్ని ముక్కలు ముగించుకుంటూ పోవడం. రోజూ పొద్దున జట్టంతా గోడ ముందు నిలబడి ఎవరి పని ఎంతదాకా వచ్చిందో పావుగంటలో చెప్పుకోవాలి. కూర్చుంటే మాటలు పెరుగుతాయని నిలబడడం. అందుకే దాని పేరు స్టాండప్. ఈ విద్యను చెన్నైలో పదేళ్ళు ఔపోసన పట్టి వచ్చి, కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి, అంటే వేరుసెనగ అచ్చుల దుకాణం పైమేడలో 'రేగడి ఎజైల్' అని బోర్డు కట్టాడు. అగ్గిపెట్టెల కంపెనీల వాళ్ళకు నేర్పాడు, తాయిల్పట్టి బాణసంచా వాళ్ళకు నేర్పాడు, చివరికి మదురై సాఫ్ట్‌వేర్ వాళ్ళకే నేర్పాడు.

నాగలాపురం, ఒట్టపిడారం వైపు పల్లెల నుంచి పద్నాలుగు మంది ఆడపిల్లలు పొద్దుటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరే ఆఫీసు అది. దూరాభారం పంపే ఇళ్ళు కావు వాళ్ళవి. "ఈ ఆపీసు ఈ ఊరు దాటి పోదు" అని దామోదరసామి ఒక్కో గడపకూ వెళ్ళి మాట ఇచ్చి వాళ్ళను తెచ్చుకున్నాడు.

ఇప్పుడు వ్యాపారం పెరగాల్సిన ఘడియ వచ్చింది. సదస్సులు నడపడానికి కోయంబత్తూరు సురేష్‌కుమార్‌తో భాగస్వామ్యం కుదిరింది. ఇద్దరూ కలిసి విరుదునగర్‌లో సదస్సు పెట్టారు. ఆ సదస్సులోనే బెంగళూరు హరికృష్ణన్ కంపెనీ రేగడి ఎజైల్‌ను కొనుక్కోబోతోంది. హరికృష్ణన్ అంటే మాటలా! నాలుగేళ్ళలో తొమ్మిది కంపెనీలు కొన్న మహానుభావుడు. ఆయన ఫోను వస్తే దామోదరసామి తనకు తెలియకుండానే చెప్పులు విడిచి మాట్లాడేవాడు. "కొన్నా సరే, మీ ఆఫీసు మీ ఊళ్ళోనే నడుస్తుంది" అని ఆయన ఫోనులో అన్నాడు. అంతటివాడు అన్నాక ఇంకేం కావాలి? అరవై పేజీల ఒప్పందంలో దామోదరసామి మొదటి పేజీ చదివాడు, చివరి పేజీ చదివాడు, మధ్యలోది కళ్ళకద్దుకున్నాడు.

ముందురోజు సాయంత్రం వకీలు ఫోను చేశాడు. "రెండో డైరెక్టరు కూడా సంతకం పెట్టాలండీ."

రెండో డైరెక్టరు బొమ్మక్క. దామోదరసామికి మేనత్త. కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లుండాలంటే ఆవిడ పేరు రాసి పడేశాడు, అంతటితో మరిచిపోయాడు. తెల్లారి కారు తీసుకుని ఆవిడ గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు.

"రవ్వంత సేపు నిలువురా అల్లుడా. గౌళిని అడిగి వస్తాను" అంది బొమ్మక్క.

గౌళి అంటే బల్లే. ఆ నల్లరేగడి పల్లెల్లో పెద్ద పని ఏది మొదలుపెట్టినా తూర్పు ముఖంగా నిలబడి, మనసులో మాట అడిగి, బల్లి పలికేదాకా మౌనంగా ఉంటారు. తూర్పున పలికితే సరే, దక్షిణాన పలికితే కూడదు.

"నేరం లేదు అత్తా, టైమయిపోతాంది! ఆరయిపోయింది. కారెక్కు!"

"ఎద్దును కొన్నా, బోరు ఏసినా అడగకుండా చేసినామా?"

"ఆడ పోయి అడుగుదువుగానీ లే! బల్లి లేని ఊరుందా?"

ఇంట్లో అయితే ఐదు నిమిషాల్లో తేలిపోయే పనిని చేజేతులా విరుదునగర్‌కు మోసుకుపోయాడు దామోదరసామి. మనిషికి తొందర పట్టుకుంటే అంతే మరి.

సదస్సు మహా వైభోగంగా మొదలైంది. మూడు వందల మంది వచ్చారు. పదకొండింటికి హరికృష్ణన్ వేదికెక్కి సంతకం పెట్టాడు. దామోదరసామి పెట్టాడు. కలం బొమ్మక్క చేతికిచ్చారు. ఆవిడ కలం బల్ల మీద పెట్టి, లేచి, కొంగు సర్దుకుని తూర్పుకు తిరిగి నిలబడింది.

"అత్తా, ఏమిటిది?" అన్నాడు దామోదరసామి గొంతు తగ్గించి.

"నువ్వే గదా ఆడ పోయి అడుగుదువు అంటివి? పలికినాకే ఆ కాగితంలో కైయెళుత్తు పెడతాను. అందాక ఎవురూ మాట్లాడకూడదు. కూర్చోనూ కూడదు. ఎవురన్నా నోరు తెరిస్తే మళ్ళా మొదటినుంచే" అని అతని చెవిలో చెప్పి, సందడి అణిగేదాకా ఆగింది.

హరికృష్ణన్ వంగి అడిగాడు. వాళ్ళది తాతల నాడు ఒట్టపిడారం వదిలి బెంగళూరు చేరిన ఇల్లు. ఇంటి తెలుగు ఇంకా మిగిలింది. "వాట్ హాపెండ్? ఆమె ఏం చేస్తాంది?"

తొమ్మిది కంపెనీలు కొన్న మనిషితో బల్లి కోసం ఆగామని ఏ నోటితో చెప్పడం! దామోదరసామి నోటికి ఏదొస్తే అది అనేశాడు. "స్టాండప్ సార్. డైరెక్టర్ల స్టాండప్. మౌనంగా చేస్తాం."

"మాట్లాడకుండానా?"

"మాట్లాడకుండానే సార్."

హరికృష్ణన్ కళ్ళు ఇంతింతయ్యాయి. "మా ఆపీసులో పావుగంట స్టాండప్ గంటన్నర పోతాది. అంతా మాటలే!" అని, భక్తిగా లేచి, చేతులు కట్టుకుని బొమ్మక్క పక్కన నిలబడ్డాడు. ముఖ్య అతిథి లేచి నిలబడ్డాక కూర్చునే ధైర్యం ఆ జిల్లాలో ఎవరికుంది? ముందు వరస లేచింది, వెనక వరస లేచింది, మూడు వందల మందీ లేచారు. మంటపం మంటపమంతా నిశ్శబ్దమైపోయింది. బొమ్మక్క కళ్ళు మూసుకుంది. చీమ చిటుక్కుమంటే వినబడేట్టుంది గానీ బల్లి మాత్రం చిటుక్కుమనలేదు.

ఎలా అంటుంది? ఆ మంటపానికి వారం కిందటే కొత్త రంగు వేశారు. ఆ వాసనకు బల్లులు ఎప్పుడో వలసపోయాయి. పైగా ఏసీ చల్లదనం. పావుగంట గడిచేసరికి దామోదరసామికి విషయం అర్థమై ఒళ్ళంతా చెమట పట్టింది. జట్టు నాయకురాలు సెల్వికి సైగ చేశాడు. నాగలాపురం పిల్ల సెల్వి. ఇలాంటి వేళ ఏం చెయ్యాలో అతనే నేర్పాడు. ఆ పిల్ల పసుపు చీటీ తీసి 'బల్లి' అని రాసి వేదిక మీద చీటీలు అంటించే పలకకు, 'చేయాల్సినవి' అనే గడిలో అంటించింది. దాని కింద ముక్కలు: ఏసీ ఆపాలి, వంటింటి వైపు తలుపు తియ్యాలి, పురుగులు వచ్చేట్టు అక్కడ లైటు వెయ్యాలి. చూస్తూండగానే మూడు చీటీలూ 'అయిపోయినవి' గడిలోకి పోయాయి. మూడు వందల మంది ఆ చీటీల ప్రయాణాన్ని నోరు తెరిచి చూశారు. ఒక్క మాట లేకుండా పని జరిగిపోవడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వెనక వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

ఏసీ ఆగిందని మంటపం మేనేజరు అయ్యాసామి పరుగున వచ్చాడు. లోపల మూడు వందల మంది తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. పాపం, పెద్దమనిషి, తన కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి వెళ్ళి ఐదు నిమిషాల్లో మల్లెపూల దండతో తిరిగి వచ్చి దామోదరసామి చెవిలో గుసగుసగా అడిగాడు: "ఫొటో ఎక్కడ పెట్టారు సార్? వయసెంత?"

బొమ్మక్క కళ్ళు తెరిచింది. "ఎవురో మాట్లాడినారు. మళ్ళా మొదటినుంచి" అంది ప్రశాంతంగా.

పన్నెండయింది. సాంబారు వాసన వచ్చింది గానీ కాళ్ళు కదిపినవాడు లేడు. మూడింటికి మదురైలో హరికృష్ణన్ విమానం. ఆయన కదిలిపోతే ఈ వ్యవహారం మళ్ళీ కుదిరేది కల్ల. భాగస్వామి సురేష్‌కుమార్ ఇక ఉండబట్టలేక, వేదిక వెనక్కి చేరి, ఫోనులో బల్లి అరుపు వెతికి పట్టి మోగించాడు. కిచ్ కిచ్ కిచ్.

బొమ్మక్క తల తిప్పకుండానే అంది: "ఏ దిక్కునుంచి పలికింది అది? జోబులోనుంచి. జోబుకు దిక్కు లేదు నాయనా. మళ్ళా మొదటినుంచి."

సురేష్‌కుమార్ నిలువునా నీరై ఫోను ఆపేశాడు.

ఈ సందట్లో సెల్వికి చేతిలో పని లేకుండా పోయింది. సంతకాలు ఆగాక బల్ల మీది ఒప్పందం ఫైలు తన చేతికొచ్చింది. నిలబడి నిలబడి విసుగెత్తి చదవడం మొదలుపెట్టింది. ఆ అరవై పేజీలూ లోకంలో మొదటిసారి ఒక మనిషి వరసగా చదవడం అదే. పన్నెండున్నరకు ఆ పిల్ల ముఖం పాలిపోయింది. మాట్లాడకూడదు గనక చీటీ రాసి ఫైలుతో సహా దామోదరసామి చేతిలో పెట్టింది.

'అన్నా, 41వ పేజీ. ఆరు నెలల్లో కోవిల్‌పట్టి ఆపీసు మూసి బెంగళూరుకు మార్చాలని ఉంది.'

దామోదరసామికి పై ప్రాణాలు పైనే పోయాయి. పేజీ తిప్పి చూసుకున్నాడు. నిజమే. చివరి పేజీలో తన సంతకం నిక్షేపంగా ఉంది. మెట్ల పక్కన నిలబడ్డ తక్కిన ఆఫీసు పిల్లలవైపు చూసే ధైర్యం చాలలేదు. పొద్దుటినుంచీ పలకమని వేడుకున్న బల్లిని ఇప్పుడు పలకొద్దు తల్లీ, నీకు దండం పెడతానని మనసులో మొక్కాడు. అత్త సంతకం పడకపోతే ఈ కాగితం చెల్లదు. పలకొద్దు, పలకొద్దు.

సరిగ్గా అప్పుడు, తూర్పున, వంటింటి తలుపు మీద వేసిన లైటు పక్కనుంచి, ఎవరూ పిలవని ఒక బక్క బల్లి స్పష్టంగా పలికింది.

కిచ్ కిచ్ కిచ్.

తర్వాత జరిగింది దామోదరసామి బతికినన్నాళ్ళూ మరిచిపోడు. బల్లి పలికితే వేలి కణుపులతో మూడుసార్లు తట్టడం మనవాళ్ళకు ఎవరూ నేర్పరు, అవ్వల ఒళ్ళో కూర్చున్నప్పుడు అదే వచ్చేస్తుంది. పలికింది సత్యమని ఒప్పుకున్నట్టు. మూడు వందల మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మెడలో కార్డులు, చేతిలో లాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళు, ఆలోచించకుండానే చేతికందిన కుర్చీ మీద ఒక్కసారిగా తట్టారు. టక్ టక్ టక్. మంటపం దద్దరిల్లింది. దామోదరసామికి ఒళ్ళు గగుర్పొడిచింది. వేదిక మీద హరికృష్ణన్ కూడా బల్ల మీద మూడుసార్లు తట్టి, తట్టిన తన చెయ్యివంక తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

"సరి. పలికింది" అని బొమ్మక్క కలం తీసింది.

"అత్తా! వద్దు! పెట్టొద్దు!" అని అరిచాడు దామోదరసామి.

"పలికినాక ఆగకూడదురా."

"ఆపీసు బెంగళూరు పోతాది అత్తా! కాగితంలో రాసుండారు!"

హరికృష్ణన్ ఫైలు లాక్కుని నలభై ఒకటో పేజీ చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది... తొమ్మిది కంపెనీలకూ ఇదే కాగితం. నేను చదవలేదు" అన్నాడు నీళ్ళు నములుతూ.

బొమ్మక్క తొణకలేదు, బెణకలేదు. "నేను గౌళిని ఏమి అడిగినానో మీరెవురూ అడగలేదే?" అంది.

అవును, ఎవరూ అడగలేదు.

"కంపినీ అమ్మొచ్చా అని అడగలేదు నేను. అదంతా నాకు తెలీదు. మన ఆపీసు మన ఊర్లోనే ఉంటాదా అని అడిగినాను. తూరుపున పలికింది, ఉంటాది అని." ఆవిడ హరికృష్ణన్‌వైపు తిరిగింది. "నువ్వూ తట్టినావు గదా నాయనా. నా కంటితో చూసినాను. తట్టినాక అది నువ్వు ఒప్పుకున్న మాట. ఇప్పుడు ఆ పేజీ నువ్వు కొట్టేస్తావా, నేను కొట్టెయ్యాలా?"

హరికృష్ణన్ తన చెయ్యి చూసుకున్నాడు. ఎదురుగా తట్టి నిలబడ్డ మూడు వందల మందిని చూశాడు. "మా అవ్వ కూడా ఇట్లే తట్టేది" అని గొణిగి, కలం తీసుకుని నలభై ఒకటో పేజీని పైనుంచి కిందికి అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. అప్పుడు బొమ్మక్క కూర్చుని, తమిళ అక్షరాలలో తన పేరు నింపాదిగా రాసింది. చప్పట్లు మోగాయి. సెల్వి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. అన్నాలకు లేటయిందన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. వంకాయ కూర వడ్డిస్తూండగానే సురేష్‌కుమార్ 'మౌన స్టాండప్' మీద రెండు రోజుల శిక్షణ తరగతులు పెడతానని పక్కవాళ్ళకు ప్రకటించాడు.

తిరిగి వస్తూ కారులో దామోదరసామి చివరికి అడిగాడు. "అత్తా, ఆ నలభై ఒకటో పేజీ సంగతి నీకెట్ల తెలిసింది?"

"ఏ పేజీ? నాకు ఇంగిలీసు వస్తాదా?" అంది బొమ్మక్క కిటికీలోంచి చూస్తూ. "కొనేదానికి అంత దూరంనుంచి వచ్చేవోడు వదిలిపెట్టి పోతాడా, ఎత్తుకుని పోతాడు. సెల్వి బిడ్డ పొద్దు వాలేలోగా ఇల్లు చేరాల. అది అడిగినాను, అంతే."

పదేళ్ళు చెన్నైలో నేర్చుకున్నవాడు, పద్నాలుగు మందికి నేర్పినవాడు, మహానుభావులని చూస్తే చెప్పులు విడిచేవాడు దామోదరసామి. ఆ ఘడియ కారు నడుపుతూ ఎడమకాలి చెప్పు మెల్లగా పక్కకు తోసేశాడు. ఇంతటి మనిషిని కంపెనీ కాగితాల్లో ఒక పేరుగా రాసి మరిచిపోయానే అని సిగ్గుపడ్డాడు, అంతకు పదింతలు ఆశ్చర్యపడ్డాడు.

నెల తిరక్కుండానే బెంగళూరు హెడ్డాఫీసు గోడలకు పురుగుల మందు కొట్టడం హరికృష్ణన్ ఆపించాడు.