ఆకాశానికి గుమ్మమెక్కడ?

ఈ దేశంలో మర్యాద ఇంకా బతికుందంటే అది రాజభవనంలోనో, పార్లమెంటులోనో కాదు. పెద్ద విమానాశ్రయాల ఆకాశంలోకి ఎవరినీ ఒక్క మాటైనా అడక్కుండా దూరిపోయే బుల్లి విమానాల పైలట్లలో!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. నేనొక పైలట్ పెళ్ళాన్ని.

మా ఆయన గాడ్‌ఫ్రే రిటైరైన పళ్ళ డాక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి చేతా నోరు తెరిపించి, ఒక్కరినీ మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు విమానంలో మైకు ముందు కూర్చుని తను నోరు తెరవడు.

లండన్ పక్కన ఎసెక్స్ జిల్లా గోధుమ చేల మధ్య ఉంది మా ఫ్లయింగ్ క్లబ్బు. గడ్డి రన్‌వే, రేకుల షెడ్డు, ఎప్పుడూ మరుగుతుండే కెటిల్. ఆదివారం వచ్చిందంటే సభ్యులంతా విమానాలేసుకుని పక్క జిల్లాలోని ఇలాంటి షెడ్డుకే వెళ్ళి బేకన్ శాండ్‌విచ్ తినొస్తారు. మీ ఇంట్లో బేకన్ లేదా అంటారేమో. ఉంది. కానీ దానికోసం రెండు వేల అడుగుల ఎత్తుకి ఎగరక్కర్లేదు కదా!

దారిలో పెద్ద విమానాశ్రయంవారి ఆకాశం అడ్డొస్తుంది. రేడియోలో కంట్రోలర్‌ని పిలిచి, ఫలానా వాణ్ణి, ఫలానా చోటికి పోతున్నాను, దాటనిస్తారా అని అడగాలి. చాలాసార్లు సరేనంటారు కూడా. కుదరదంటే చుట్టూ తిరిగి పోవాలి. అంతే. కాకపోతే ఆ మాటలు అదే రేడియోలో ఉన్న పెద్ద విమానాల కెప్టెన్లందరికీ వినబడతాయి. నాలుక తడబడితే పరువేం కావాలి?

పరువు సంగతి గాడ్‌ఫ్రే ఒప్పుకోడు. "ఆ కంట్రోలర్ అమ్మాయికి చేతినిండా పని, పాపం. శాండ్‌విచ్ కోసం పోయేవాణ్ణి, మధ్యలో నేనెందుకు విసిగించడం?" అంటాడు.

చూశారా సంస్కారం!

ఇక దీనివల్ల లోకానికి ఒరిగే మేలు చూడండి. ఆ అమ్మాయి రాడార్ మీద ఊరూ పేరూ లేని చుక్క ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఆవిడ గుండెకి మంచి వ్యాయామం. బయల్దేరే విమానాలన్నిటినీ నేలమీదే ఆపేస్తుంది. కాఫీ కొట్టువాడికి పండగ. దిగాల్సినవాటిని గాల్లో గుండ్రంగా తిప్పుతుంది. ఒక్క టికెట్‌తో అదే చెరువుని కుడి కిటికీలోంచీ, ఎడమ కిటికీలోంచీ, మళ్ళీ కుడి కిటికీలోంచీ చూడొచ్చు!

అన్నిటికన్నా పెద్ద మేలు, ప్రయాణికులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఇంగ్లండులో! వాతావరణం గురించి కాకుండా!

నేనూ మాట్లాడాను. పోయిన వారం స్కాట్లాండులోని అబర్డీన్‌లో మా అక్కని చూసి తిరిగొస్తూ, ఆదివారం అలా గాల్లో గిరగిరా తిరిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పక్క సీట్లో మోరగ్ అనే ఆవిడ. ఆవిడ తమ్ముడికి ఆ మధ్యాహ్నమే అత్యవసరంగా గుండె ఆపరేషన్.

"లోపలికి తీసుకెళ్ళేముందు ఒక్కసారి వాడి చెయ్యి పట్టుకోవాలండీ. ఇంతవాడయ్యాడు, ఇప్పటికీ సూదంటే వణుకే. వస్తున్నానని మాటిచ్చాను," అంది.

అంతలో కెప్టెన్ గొంతు వినబడింది. ఎవరో చిన్న విమానం పెద్దమనిషి చెప్పకుండా మన దారిలోకి వచ్చారు, కాస్త ఆలస్యమవుతుంది, మన్నించమన్నాడు.

"ఎవడండీ వాడు? ఆకాశమేమన్నా వాడి తాత సొత్తా?" అంది మోరగ్.

నాకెందుకో బేకన్ వాసన తగిలింది. "ఎవరో మర్యాదస్తుడై ఉంటాడులెండి," అన్నాను.

దిగేసరికి ఆవిడ ఫోన్‌లో కబురు వచ్చి ఉంది. తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారు. మోరగ్ ఏడవలేదు. తన పెట్టె మీద తనే కూలబడి, ఖాళీ అరచేతిని అలా చూసుకుంటూ ఉండిపోయింది. నేను నా నంబరిచ్చి, ఆవిడ నంబరు తీసుకుని ఇంటికొచ్చాను.

గాడ్‌ఫ్రే వంటింట్లో నేల చూపులు చూస్తున్నాడు. ఆయన దిగేసరికే క్లబ్బులో ఫోను మోగుతోందట. రాడార్ వాళ్ళు ఆ చుక్కని షెడ్డు దాకా సాగనంపారన్నమాట.

"గీత ఎక్కడా కనబడలేదు పాట్సీ! అంతా నీలంగానే ఉంది," అన్నాడు.

"మ్యాప్ మీద ఉంటుందిగా?"

"నీకోసం కట్టించుకొచ్చిన శాండ్‌విచ్ మ్యాప్ మీద పెట్టాను."

"పోనీ, నోరుందిగా? అడగొచ్చుగా?"

శాండ్‌విచ్ పొట్లం నా వైపు జరిపాడు. క్లబ్బులో తోటి పైలట్ హంఫ్రీ మాత్రం ఆయన భుజం తట్టి, ఎవరికైనా జరిగేదేలే అన్నాడట. అందరూ కలిసి కేకు తిన్నారట. గాల్లో తిరిగిన విమానాల్లో ఎవరున్నారని ఆ షెడ్డులో ఒక్కరూ అడగలేదు. అడగడం వాళ్ళకి అలవాటు లేదు మరి.

మర్నాడు వంటింటి గుమ్మం దగ్గర సుద్దముక్కతో లావుపాటి గీత గీశాను. నీలం సుద్ద కాదు, తెల్లది. ఇకపై ఇది నా ఆకాశమన్నాను. మొదటిరోజు ఆయన గీత అవతల నిలబడి, కెటిల్ వైపు చూసి, వెనక్కి పోయి మంచినీళ్ళు తాగాడు. రెండోరోజు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ తర్వాత టీ కరువు మనిషిని దారికి తెచ్చింది.

"గాడ్‌ఫ్రేని. ముందుగది నుంచి కెటిల్ దాకా. దాటనిస్తారా?"

"దాటండి."

చూశారా, ఎంత తేలికో! ఆయన పళ్ళేవీ రాలలేదు.

నిన్న మోరగ్ ఫోన్ చేసింది. తమ్ముడు గండం గట్టెక్కాడు. కళ్ళు తెరవగానే, "వస్తానని చెప్పి ఎందుకు రాలేదే అక్కా?" అన్నాడట. ఏం చెప్పాలో తెలియలేదండీ అంది.

నాకు తెలుసు. ఆ జవాబు చెప్పాల్సినవాడు నా వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాడు.

ఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మన్నించమని అడగడం కూడా అడగడమే కదా అన్నాను.

గాడ్‌ఫ్రే ఫోన్ వైపు చూశాడు. "ఆవిడ ఆస్పత్రి పనుల్లో ఉంటుందేమో, పాపం. మధ్యలో నేనెందుకు విసిగించడం?" అన్నాడు.

నేనే నంబరు నొక్కి ఆయన చేతిలో పెట్టాను. అవతల మోరగ్ గొంతు, "హలో, ఎవరండీ?" అంటోంది.

"ఏదీ, నోరు తెరవండి డాక్టరుగారూ," అన్నాను.