వారంటీ లేని జామపుల్ల

"ఇకమీదట మన పాలనలో ఏ చిట్టెలుకా పనికిమాలిన బొమ్మ కొరికి జబ్బుపడదు!" అని మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. ఆ గుద్దుకి బల్లమీది నాలుగు మైకులూ పక్కకి ఒరిగాయి. మూగజీవాల మీద ఇంత ప్రేమ ఉన్న నాయకుడు ఇంకొకరు లేరని ఆయనే స్వయంగా చెప్పారు కాబట్టి అనుమానించాల్సిన పని లేదు.

సంగతేమిటంటే, మంత్రిగారి మనవరాలు పెంచుకునే చిట్టెలుక రంగు వేసిన ప్లాస్టిక్ నిచ్చెన కొరికి రెండు రోజులు ముడుచుకుని పడుకుంది. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి పాలు కూడా తాగలేదు. తాతగారికి మనసు కరిగింది. మధ్యాహ్నానికల్లా పథకం తయారైంది.

"అసలు అవి ఎందుకు కొరుకుతాయి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"గత పాలనలో తిండికి మొహం వాచాయి. ఆ అలవాటు ఇంకా వదల్లేదు."

వెనక వరసలో డాక్టరమ్మ ఉలిక్కిపడింది. ప్రభుత్వ పశువైద్యశాలలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఎలుక జాతికి ముందుపళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయని, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే అవి వంకర తిరిగి, తిండి నోట్లో పెట్టుకోలేక చస్తాయని చెబుదామని లేచింది. మంత్రిగారి పి.ఎ. కళ్లతోనే ఆవిడని కూర్చోబెట్టారు. ఆయన కళ్లకి ఆ శక్తి ఉంది.

ఏ బొమ్మ సురక్షితమో తేల్చడానికి కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు డైరెక్టరుగారు. ఆయన నిరుడే వంతెనల శాఖ నుంచి పశువుల శాఖకి మారారు. ఆయన కట్టించిన వంతెనల్లో చాలావరకు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. డాక్టరమ్మ సభ్యురాలు. అంటే మినిట్స్ రాసే మనిషి.

కమిటీ బల్లమీద పదకొండు రకాల బొమ్మలు పేర్చారు. గులాబీ రంగు ప్లాస్టిక్ ఎముక, వార్నిష్ మెరిసే చెక్క ఇల్లు, జిగురుతో అతికించిన అట్ట గొట్టం, నున్నటి స్టీలు బంతి, ఇంకా ఏవేవో. చివర డాక్టరమ్మ తన సంచీలోంచి ఒక పుల్ల తీసి పెట్టింది. డైరెక్టరుగారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

"ఏ కంపెనీ?"

"కంపెనీ కాదు సార్. మన ఆసుపత్రి పెరట్లో జామచెట్టుది. మందు కొట్టని చెట్టు. కడిగి ఎండబెట్టాను. రంగు లేదు, జిగురు లేదు."

"మోడల్ నంబరు?"

"పుల్ల సార్."

"వారంటీ?"

"ఉండదు సార్."

"పోనీ, ఎన్నాళ్లొస్తుంది?"

"మహా అయితే వారం. అది అరగాలి సార్. దాంతోపాటు పళ్లూ అరగాలి."

డైరెక్టరుగారు పుల్లని కింద పెట్టేసి చేతులు తుడుచుకున్నారు. "వారానికి కూలిపోయేదాన్ని నా సంతకంతో పాస్ చెయ్యమంటారా? నేను వంతెనలు చూసినవాణ్ణమ్మా!"

పరీక్ష కోసం ఆరు చిట్టెలుకల్ని ఆసుపత్రికి తెప్పించారు. ఫైల్లో వాటిని లబ్ధిదారులు అని రాశారు. పరీక్ష ఫారంలో ఒకటే గడి ఉంది: 'వస్తువుకి జరిగిన నష్టం'. వంతెనల శాఖ ఫారమే అది, పైన పేరు కొట్టేసి వాడారు. జామపుల్లని లబ్ధిదారులు మొదటిరోజే పీచుపీచు చేశాయి. 'పూర్తిగా విఫలం' అని రాశారు. స్టీలు బంతిని మాత్రం ఆరూ వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయాయి. పది రోజులైనా దానిమీద గాటు లేదు. నూటికి నూరు మార్కులు.

ఆ బంతిమీద మంత్రిగారి నవ్వుమొహం చెక్కించి, మొదటిది మనవరాలికే పంపించారు. పి.ఎ.గారు స్వయంగా వెళ్లి, ఆ పంజరంలోంచి కొరకడానికి వీలైనవన్నీ ఏరేసి, బంతి పెట్టి వచ్చారు. ఆరుగురు లబ్ధిదారుల్నీ కూడా అలాగే నెల రోజులు ఉంచి, ప్రారంభోత్సవంలో చూపించాలని ఆర్డరు వచ్చింది. ఆమోదం లేని వస్తువు పంజరంలో కనిపిస్తే కఠిన చర్య.

రెండు వారాలకి ఆరో నంబరు చిట్టెలుక తిండి మానేసింది. గింజ పట్టుకుంటుంది, నోటిదాకా తెస్తుంది, జారవిడుస్తుంది. గడ్డం కింద బొచ్చు తడిసిపోయింది. డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసి, అక్కడికక్కడే నోట్ రాసి పంపింది: 'లబ్ధిదారుల పళ్లు ప్రమాదకరంగా పెరుగుతున్నాయి.'

ఫైలు సాయంత్రానికే తిరిగొచ్చింది. డైరెక్టరుగారు ఆకుపచ్చ సిరాతో రాశారు: 'పెరుగుదల సంతోషకరం. పథకం విజయాల్లో చేర్చండి.'

డాక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆరో నంబరు పళ్లు కత్తిరించింది. మర్నాటి నుంచి కోటు జేబులో జామపుల్లలు తెచ్చి పొద్దున్నే పంజరాల్లో పెట్టేది, సాయంత్రం పీచంతా ఏరి అదే జేబులో వేసుకుని పోయేది. ఇంట్లో ఆవిడ భర్త కోటు దులుపుతూ, "వైద్యం చేస్తున్నావా, వడ్రంగం చేస్తున్నావా?" అని అడిగాడు. ఉద్యోగానికి ముప్పు తెచ్చుకుంటున్నానని మాత్రం ఆవిడ చెప్పలేదు.

ప్రారంభోత్సవం నాటికి ఆరూ గుండ్రంగా, హుషారుగా తయారయ్యాయి. "చూశారా స్టీలు మహిమ!" అన్నారు మంత్రిగారు. కెమెరాలన్నీ పంజరం వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఆరో నంబరు రంపప్పొట్టు కింద తవ్వి, తను దాచుకున్న పుల్లముక్క బయటికి లాగి, మంత్రిగారి నవ్వుమొహానికి వీపు పెట్టి కూర్చుని, కటకటా కొరకడం మొదలుపెట్టింది.

మర్నాడు అన్ని పేపర్లలో అదే ఫొటో. ప్రభుత్వం చురుగ్గా కదిలింది. ఆరుగుర్నీ అనర్హులుగా తేల్చి జాబితాలోంచి పేర్లు కొట్టేశారు. ఇక అవి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి డాక్టరమ్మ ఇంటికి తీసుకుపోయింది. అందువల్ల బతికాయి.

ఆ పై రోజు పొద్దున పి.ఎ.గారు ఆసుపత్రికి వచ్చారు. ఒక చేతిలో కవరు, రెండో చేతిలో గుడ్డ కప్పిన పెట్టె. పెరట్లో ఇద్దరు మనుషులు రంపం పట్టుకుని జామచెట్టు ఎక్కుతున్నారు. కుట్రకి వాడిన చెట్టుని తొలగించమని విడిగా ఆర్డరు ఉంది.

"ఇది మీ సస్పెన్షన్ ఆర్డరు డాక్టరుగారూ. సంతకం పెట్టి తీసుకోండి. తర్వాత..." పి.ఎ.గారు నీళ్లు నమిలారు. "ఈ పెట్టె కాస్త చూడాలి. మంత్రిగారి మనవరాలిది. నాలుగు రోజులుగా ఏమీ తినట్లేదు."

"ఆర్డరు ఎప్పట్నించి అమలు?"

"మీరు సంతకం పెట్టిన క్షణం నుంచి."

"అయితే దాన్ని అలా పట్టుకోండి."

డాక్టరమ్మ పెట్టె తెరిచింది. పిడికెడు ప్రాణి, ఎముకలు చేతికి తగులుతున్నాయి. కింది పళ్లు పైకి వంకర తిరిగి అంగిట్లోకి దిగబోతున్నాయి. ఆవిడ కోపమంతా ఎటో పోయి జాలి ముంచుకొచ్చింది. నెమ్మదిగా పళ్లు కత్తిరించి, పిండి కలిపి చుక్కచుక్కగా పట్టించింది. అది మింగింది. అప్పుడు చేతులు కడుక్కుని సంతకం పెట్టి, కోటు జేబులో మిగిలిన నాలుగు పుల్లలూ పి.ఎ.గారి చేతిలో పెట్టింది.

"బంతి తీసేసి ఇవి వెయ్యండి."

పి.ఎ.గారు అటూ ఇటూ చూసి లోపలి జేబులో దోపుకున్నారు. "ఎన్నాళ్లొస్తాయి?"

"వారం."

"ఆ తర్వాత?"

"మళ్లీ కావాలి. అది బతికున్నన్నాళ్లూ కావాలి."

పెరట్లో ఒక కొమ్మ విరిగి పడింది. పి.ఎ.గారు పెట్టె చంకలో పెట్టుకుని పరిగెత్తారు. "ఆపండయ్యా! ఆపండి!"

రంపం ఆగింది. పైనున్న మనిషి చెమట తుడుచుకుని వంగి చూశాడు.

"కొట్టమని కాయితం ఉంది సార్. వద్దంటే ఆ ముక్కే కాయితం మీద రాసివ్వండి. ఎందుకు వద్దో కూడా రాయాలి, లేకపోతే మా ఆఫీసరు ఒప్పుకోడు."

పి.ఎ.గారి చొక్కా జేబుకి పెన్ను ఉంది. దానిమీద చెయ్యి వేశారు. చంకలో పెట్టెలో చిన్నగా గీరిన చప్పుడైంది. డాక్టరమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

పెన్ను బయటికి రాలేదు. తర్వాత రంపం మళ్లీ మొదలైంది.