నిండు గీత మీద ముల్లు

ఆ శుక్రవారం పొద్దున మెకానిక్కు పర్వతాలు పెట్టుకున్న పని చిన్నదే. భీమయ్య సేటు పాత కారులో నార్కట్‌పల్లి నుంచి దేవరకొండకు పోవాలి, అక్కడి బస్సుల షెడ్డులో మేస్త్రిగా దిగాలి. కారు ఏ పేచీ లేకుండా చేరితే కొలువు నీదేనని నాలుగు బస్సుల యజమాని భీమయ్య మాట ఇచ్చి ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా రోడ్డు పక్కన లారీల కింద దూరి పనిచేస్తున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఆ కారు స్వాతంత్ర్యం కన్నా పాతది, దానిది ఆరు వోల్టుల బ్యాటరీ. చలికాలంలో ఇంటిల్లిపాదీ తోస్తే తప్ప కదిలేది కాదు. పర్వతాలు దానికి పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టి డైనమో, బల్బులు, హారను అన్నీ మార్చాడు. మీటర్లు మాత్రం పాతవే. వాటికి ముందు కరెంటును తగ్గించే తీగచుట్ట ఒకటి పెట్టాలని అతనికి తెలియక కాదు. కాని నార్కట్‌పల్లిలో ఆ తీగ దొరకదు, నల్లగొండలో తనకు పని నేర్పిన ఉస్తాదు ఇస్రాయేలు దగ్గరికి పోవాలి. పోతే, ఇంకా నన్నే అడుగుతున్నావా అని దెప్పుతాడు. అందుకని పోలేదు. తాళం తిప్పగానే మీటర్ల ముళ్లు ఠక్కున లేచాయి. పెట్రోలు ముల్లు నిండు గీత మీద నిలబడింది. ముసలి ముళ్లకు బలం వచ్చిందని మురిసిపోయాడు. అదీ మన మేస్త్రి తెలివి!

ముందు సీట్లో డ్రైవరు పెద్దులు, పర్వతాలు. వెనక భీమయ్య, ఆయన తల్లి నర్సింగమ్మ. రెండు మైళ్లు పోయారో లేదో, ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటేసింది. భీమయ్య అదిరిపడి కారు ఆపించాడు. పర్వతాలు రేడియేటరు మూత విప్పుతుంటే అందరూ దూరం జరిగారు. లోపల నీళ్లు స్నానానికి కూడా పనికిరానంత చల్లగా ఉన్నాయి.

సంగతి అప్పుడే అర్థమైంది. ముల్లు అబద్ధమాడుతోంది. ఆ ఒక్క మాట చెబితే అక్కడితో అయిపోయేది. కాని షెడ్డు కళ్ల ముందు మెదిలి నోరు పెగల్లేదు.

"జర నీళ్లు పోస్తే సర్దుకుంటది సేటూ," అన్నాడు.

ఇక ప్రతి మూడు మైళ్లకూ ఆగడం, నీళ్లు పోయడం. ఒక ఊరి దగ్గర పుష్పమ్మ అనే ఆవిడ అరమైలు దూరంలోని బావి నుంచి మోసుకొస్తున్న బిందెను, సేటు అడిగితే కాదనలేక దించింది. నిండుగా ఉన్న రేడియేటరులో పోసిన నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. బండికి ఎంత దూపైతుందో పాపం అంటూ నర్సింగమ్మ ఆవిడను ఇంకో బిందెకు పంపింది. పర్వతాలు పుష్పమ్మ ముఖం చూడలేకపోయాడు. తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

నల్లగొండ పెట్రోలు బంకు దగ్గర పెద్దులు సన్నటి వెదురుపుల్ల తీశాడు. టాంకులో ముంచి తడి ఎంతవరకు అంటిందో చూడటం అతని పద్ధతి. భీమయ్య మీటరు చూపించాడు. ముల్లు నిండు గీత మీదే ఉంది.

"గింత మంచిగ మీటర్ జేసినంక గా కట్టె ఎందుకు? మేస్త్రిని అవమానిస్తవా?"

పెద్దులు నొచ్చుకుని, పర్వతాలుకు దండం పెట్టి, పుల్లను విరిచి పారేశాడు. పర్వతాలు చెబుదామని నోరు తెరిచాడు. అందరూ తనవైపే చూస్తుంటే, ఆవులించినట్టు చేసి మూసుకున్నాడు. ఛీ, ఏం బతుకిది అనుకున్నాడు. చుక్క పెట్రోలు పోయించకుండానే కారు కదిలింది.

దేవరకొండ ఇంకా నాలుగు మైళ్లుందనగా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు సగానికి పైనే ఉంది కనుక పెట్రోలు అయిపోయిందన్న అనుమానం ఎవరికీ రాలేదు, ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడు ప్లగ్గులు విప్పి తుడిచాడు. కార్బొరేటరు ఊదాడు. లేని రోగానికి వైద్యం చేస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చివరికి పక్క చేనులో దున్నుకుంటున్న మారయ్య అరక విప్పి ఎడ్లను తెచ్చి కారుకు కట్టాడు. ఊళ్లో జనం తప్పుకోవాలని పెద్దులు హారను కొట్టాడు. పన్నెండు వోల్టుల హారను కదా, ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా బయటికొచ్చి చూశారు.

షెడ్డులో ఎవరో టాంకు తట్టి చూసి చుక్క లేదన్నారు. భీమయ్య ముందు మీటరు వంక, తర్వాత డ్రైవరు వంక చూశాడు.

"మీటర్ ఉన్నదంటాంది. టాంకు లేదంటాంది. నడుమ ఉన్నది నువ్వే పెద్దులూ. ఎక్కడ అమ్మినవ్?"

ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దులుకు కళ్లనీళ్లు తిరిగాయి. తాను తీయలేదన్నాడు, పిల్లల మీద ఒట్టేశాడు. సేటు వినలేదు, తాళంచెవి అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నాడు. ఇక పర్వతాలు వల్ల కాలేదు.

"ఆయన తప్పు లేదు సేటూ. నా మీటరే అబద్ధం జెప్తాంది. పొద్దుగాలనే నాకెరుకైంది. సిగ్గయి చెప్పలే."

భీమయ్య కళ్లు చెమర్చాయి. పర్వతాలును కౌగిలించుకున్నాడు.

"జూసినవా పెద్దులూ, నీ దొంగతనం తన మీద ఏసుకుంటాండు. గిసొంటోడే కావాలె నాకు."

షెడ్డు తాళాలగుత్తి తెచ్చి పర్వతాలు చేతిలో పెట్టాడు. నర్సింగమ్మ అతని నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. పర్వతాలు కాదు కాదని మొత్తుకున్నాడు. మొత్తుకున్నకొద్దీ అతని మంచితనం పెరిగిపోయింది. గుమ్మం దగ్గర పెద్దులు ఒక్కడే తల దించుకుని చెప్పులు వేసుకుంటున్నాడు.

పర్వతాలు తాళాలగుత్తి కారు మీద పెట్టి, పక్కనే ఉన్న బ్యాటరీల దుకాణానికి పరుగెత్తి తీగచుట్ట తెచ్చాడు. పెద్దులును రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. అందరి ముందూ ఆ చుట్టను మీటర్లకు కలిపి తాళం తిప్పాడు. కారు కిటికీలోంచి అన్ని తలలూ తొంగిచూశాయి. పెట్రోలు ముల్లు కొంచెం వణికి, అడుగు గీత మీదే ఆగిపోయింది.

భీమయ్య తాళాలగుత్తి తిరిగి జేబులో వేసుకున్నాడు. ఆయనే పెద్దులు భుజం మీద చెయ్యి వేసి, మన్నించమని మెల్లగా అడిగి, అతన్ని టీ తాగడానికి తీసుకుపోయాడు. పర్వతాలును రమ్మని ఎవరూ అనలేదు.

తప్పు చేయడానికి అతనికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అది తనదేనని నమ్మించడానికి మాత్రం పనిముట్లు కావలసి వచ్చాయి.