తుపాకుల బీరువా తాళంచెవి

తుపాకీ లైసెన్సులు చూసే పోలీసావిడ పదింటికి వస్తానంది. ఎమ్రిస్ ఆరింటికే లేచి, గొర్రెలకు మేత వేసి, గడ్డం గీసుకుని, పదిహేనేళ్ల కూతురు టెగ్వెన్‌ను వంటింట్లో కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"చేతిలో తుపాకీ ఉంది. కంచె దాటాలి. ఏం చేస్తావు?"

"తూటాలు తీసేసి, తుపాకీ అవతల కింద పెట్టి, అప్పుడు దాటతాను. నాన్నా, ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను."

"ఐదోసారి ఆవిడకు చెప్పాలి. తడబడ్డావంటే మీ నాయనమ్మ తుపాకీ తుపాకుల షాపువాడి దగ్గరే పడుంటుంది."

ఆ మాటకు టెగ్వెన్ మొహం చిన్నబోయింది. నాయనమ్మ మార్గెడ్ పోయి ఏడు నెలలైంది. గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లలను తుపాకీతో కొట్టే పోటీల్లో మూడుసార్లు జిల్లా కప్పు తెచ్చిన ఇరవై బోరు తుపాకీని ఆవిడ మనవరాలి పేర రాసి పోయింది. లైసెన్సు వస్తేనే అది ఇంటికొస్తుంది. ఆ పిల్లకు ఈ లోకంలో అంతకన్నా కావలసింది ఇంకొకటి లేదు.

కూతురికి సాయం చేయడంలో ఎమ్రిస్ ఏ లోటూ చేయలేదు. మొదటి దరఖాస్తులో కూతురి సంతకం చోట తన సంతకం గిలికాడు. రెండోదాంట్లో పుట్టినతేదీ అడిగితే ఆనాటి తేదీ వేశాడు. మూడోది టెగ్వెన్ గది తలుపు గడియ పెట్టుకుని తానే నింపుకుంది.

ఇక మిగిలింది తుపాకుల బీరువా సంగతి. దాని తాళంచెవి ఎక్కడుందో లైసెన్సు ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదన్నది నిబంధన. ఆ ఇంట్లో లైసెన్సు ఉన్నది ఎమ్రిస్ ఒక్కడికే. తాళంచెవి మాత్రం ఇరవై ఏళ్లుగా గోడగడియారం వెనక మేకుకు వేలాడుతోంది. ఆ సంగతి పోస్టుమాన్‌కు కూడా తెలుసు.

అందుకని అందరూ బయటికి వెళ్లేదాకా ఆగి, తాళంచెవిని పై అరలో ఉన్న తన అమ్మ మార్గెడ్ పింగాణీ టీ కూజాలో వేశాడు. అమ్మ పోయాక దాన్ని ఎవరూ కిందికి దించలేదు. తన తెలివికి తానే మురిసిపోయి గొర్రెల దొడ్డికి వెళ్లాడు.

ఇంటికి పెద్దమనిషి వస్తుంటే రోజువారీ సత్తు కూజాలో టీ పోస్తే పరువేం కావాలి? ఎమ్రిస్ భార్య నెరిస్ పింగాణీ కూజా దించింది, కడగబోయింది, తాళంచెవి చూసి నాలుక కరుచుకుంది. మొగుణ్ణి అడిగితే తాను చూసినట్టు ఒప్పుకోవడమే. బాగా ఆలోచించి, తలుపు వెనక వేలాడుతున్న మొగుడి ఆదివారం కోటు జేబులో వేసింది. అతని జేబులో ఉంటే అతని దగ్గరున్నట్టే కదా.

ఎమ్రిస్ తండ్రి, ముసలి తాత గ్విలిమ్‌కు ఆ కోటు నచ్చింది. "పోలీసావిడ ముందు గొర్రె వాసనతో కూర్చోలేను గదా" అని గొణుక్కుంటూ తొడుక్కున్నాడు. జేబులో చెయ్యి పెట్టగానే తాళంచెవి తగిలింది. చూపు మందగించి ఆయన లైసెన్సు వదులుకుని ఆరేళ్లైంది. ఈ వయసులో జైలు కూడు తినే ఓపిక ఆయనకు లేదు. చటుక్కున తాళంచెవిని వసారాలో ఉన్న గుడ్ల బుట్టలో గడ్డి కిందికి తోసేశాడు.

పదికి ఐదు నిమిషాలుందనగా టెగ్వెన్ ఆ బుట్ట పట్టుకుని, రోజూలాగే గుడ్లు అమ్మకానికి పెట్టడానికి గేటు దగ్గరికి వెళ్లింది. గుడ్లు సర్దేసరికి కారు వస్తే గేటు తెరిచి, పోలీసావిడ మిసెస్ ప్రోసర్‌ను వెంటబెట్టుకుని వచ్చి, ఖాళీ బుట్టను వసారాలో పెట్టింది.

అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ పిల్ల తొణక్కుండా జవాబు చెప్పింది. ఎమ్రిస్ ఛాతీ ఉప్పొంగింది.

"ఇక బీరువా చూద్దామా?" అంది మిసెస్ ప్రోసర్.

"తప్పకుండా. తాళంచెవి నాకొక్కడికే తెలిసిన చోటుంది" అంటూ ఎమ్రిస్ పై అర వంక చూశాడు. అర ఖాళీగా ఉంది. కూజా బల్ల మీద, మిసెస్ ప్రోసర్ మోచేతి పక్కన, పొగలు కక్కుతోంది.

"ముందు ఇంకో కప్పు టీ తాగండి మేడమ్" అన్నాడు కూజా అందుకుంటూ.

ఆవిడ తాగింది. ఇంకోటి పోశాడు. మొహమాటానికి అదీ తాగింది. నాలుగో కప్పుతో కూజా ఖాళీ అయింది. లోపల టీ ఆకు తప్ప ఏమీ లేదు. ఎమ్రిస్ పై ప్రాణాలు పైనే పోయాయి.

నెరిస్‌కు సంగతి అర్థమైంది. "చలిగా ఉన్నట్టుంది ఎమ్రిస్, నీ కోటు వేసుకో" అంది కళ్లెగరేస్తూ.

"నాన్న వేసుకున్నాడు."

నెరిస్ మామగారి వంక చూసింది. ఆయన రెండు జేబులూ బయటికి లాగి చూపించి, "ఈ పూట గుడ్లు తిందామా?" అన్నాడు.

"టీ దగ్గర గుడ్లేంటి మామయ్యా?"

"నాకు తినాలనుంది" అంటూ ముసలాయన వసారాలోకి నడిచాడు. ఖాళీ బుట్ట పట్టుకుని పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు.

మిసెస్ ప్రోసర్ కలం తీసింది. "తాళంచెవి ఎక్కడుందో ఎవరికి తెలుసు?"

"నాకు తెలీదు" అంది నెరిస్.

"నాకసలే తెలీదు" అన్నాడు తాత.

"నాకూ తెలీదు మేడమ్" అన్నాడు ఎమ్రిస్ నీరసంగా. ఒక్క ఇంట్లో అంతమంది ఒకేసారి నిజం చెప్పడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదలు. ఎమ్రిస్ కూతురి మొహం చూడలేక తల దించుకున్నాడు. తన మూలంగానే దాని ఆశ మట్టిపాలైందనుకున్నాడు.

మిసెస్ ప్రోసర్ ఫైలు తెరిచి, కాగితాల మధ్య నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"గేటు దగ్గర మీ అమ్మాయి నా చేతిలో పెట్టింది. 'గుడ్ల బుట్టలో దొరికింది, ఇది నా దగ్గర ఉండకూడదు. ఇంట్లోకి తీసుకెళ్తే మళ్లీ ఎవరో ఒకరు దాచేస్తారు' అంది. మీరేం చేస్తారో చూద్దామని ఊరుకున్నాను. నాలుగు కప్పులు తాగిస్తారనుకోలేదు."



"పంతొమ్మిదేళ్లుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను" అంది ఆవిడ సంతకం చేస్తూ. "నేను అడక్కముందే అసలు జవాబు చేతిలో పెట్టింది ఈ పిల్లొక్కతే. లైసెన్సు ఈమెకు కాక ఇంకెవరికివ్వాలి?" అని, అంకెల తాళమున్న చిన్న పెట్టె కొని తాళంచెవి అందులో పెట్టమని ఎమ్రిస్‌కు వారం రోజులు గడువిచ్చింది.

మూడు వారాల్లో తుపాకీ ఇంటికొచ్చింది. నెలాఖరు పిల్లల పోటీలో టెగ్వెన్ పాతిక బిళ్లలకు ఇరవై మూడు పగలగొట్టి, కప్పు తెచ్చి నాయనమ్మ కూజా పక్కన పెట్టింది. తాత ఆ రెంటినీ చూస్తూ అందరి ముందే ఏడ్చాడు, ఆనందంతోనే. ఎమ్రిస్ ఆ కప్పును ఊరంతా తిప్పి చూపించాడు.

అతని లైసెన్సు గడువు వచ్చే మార్చితో ముగుస్తుంది. దరఖాస్తు నింపడంలో సాయం చేస్తానని టెగ్వెన్ మాటిచ్చింది.